సైంధవానయనము: సందిగ్ధాన్వేషణములయందు ఫలవైవిధ్యము

శబ్దార్థవిచారము చేసిన ప్రాచీనులు నానార్థపదమునకుఁ దఱచుగాఁ జూపు నుదాహరణము ‘సైంధవము’. సింధుదేశమునఁ బుట్టినది యను వ్యుత్పత్తిచే నీ శబ్దమునకు నుప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థము లేర్పడినవి. యజమానుఁడు భోజనమునకుఁ గూర్చుండి సైంధవము తెమ్మన్నచో సేవకుఁ డుప్పు తెచ్చును. ప్రయాణసన్నద్ధుఁడై యదే మాట యన్నచో గుఱ్ఱమును దెచ్చును. ప్రకరణ మర్థమును నియమించు ననుటకు నిది చాలును. కాని యీ యుదాహరణమున నొక విషయము చెప్పఁబడలేదు. సేవకుఁడు వేఱొక గదిలో నుండి, యజమానుఁడు విస్తరిముందఱ నున్నాఁడో, పాదరక్షలు తొడుగుకొనుచున్నాఁడో కానక, మాటమాత్రమే విన్నచో నేమి చేయవలయును? ప్రాచీనులకు నీ ప్రశ్నతో నవసరము లేకపోయెను. సెర్చి యింజనులని లోకమున వ్యవహరింపఁబడు శోధనయంత్రములను నిర్మించువారికి మాత్ర మిదియే ప్రధానప్రశ్న యైనది.

యంత్రమును బ్రశ్నించువాఁడు సామాన్యముగా నొకటి రెండు మాటలతోనే తన కోరికను ముగించును. ‘కన్యాశుల్కము’ అని యొకఁడు వ్రాసి పంపెను. వానికిఁ గావలసిన దేమి? కన్య నిచ్చి సొమ్ము పుచ్చుకొను దురాచారమా? గురజాడ అప్పారావుగారి నాటకమా? నాటకమే యైనచో 1897 లో వెలువడిన ప్రథమముద్రణమా, గ్రంథకర్త చాలవఱకుఁ దిరుగవ్రాసి 1909 లోఁ బ్రకటించిన ద్వితీయముద్రణమా? 1955 నాఁటి చలనచిత్రమా? ఇందు ఆచారము, నాటకము, చిత్రము అను మూఁడును వేర్వేఱు వస్తువులు. ముద్రణద్వయ మన్ననో యొకే వస్తువునకు రెండు ముఖములు. మొదటిది సందిగ్ధత, రెండవది బహుముఖత. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నఁగాని ముందు రాఁబోవు విచారము తేటపడదు.

శోధనశాస్త్రమునఁ జిరకాలము పాటింపఁబడిన నియమము 1977 లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ పండితుఁడు విశదీకరించినది. అడిగినవానికిఁ బ్రతిపుటయు నుపయోగపడు సంభావ్యతను వేఱువేఱుగా లెక్కించి, హెచ్చుదానిని మొదటను, తక్కువదానిని దరువాతను నుంచవలయు ననుట దాని సారము. ఇది న్యాయముగానే తోఁచును. కాని నూఱుగురు ‘కన్యాశుల్కము’ అని యడుగఁగా వారిలో డెబ్బదిమందికిఁ జిత్రమును, ఇరువదిమందికి నాటకమును, పదిమందికి నాచారమును గావలసియున్న వని యూహింపఁబడుఁగాక. ఈ నియమము ననుసరించినచోఁ బ్రతి చిత్రపుటయుఁ బ్రతి నాటకపుటకంటె నెక్కువ సంభావ్యత గలదే యగును. కావున మొదటి పది స్థానములును చిత్రమునకే చెందును. డెబ్బదిమంది తృప్తులై పోవుదురు. ముప్పదిమంది రిక్తహస్తులై మఱలుదురు. సంఖ్యాబలము గలవానికిఁ బది విస్తళ్లు వేసి, తక్కినవారికి వాకిలి చూపినట్లు!

దోష మెక్కడ నున్నది? ఒక పుటయొక్క విలువ దానికి ముందు చూపఁబడిన పుటల ననుసరించి మాఱు ననుటను విస్మరించుటలో నున్నది. దీని నుద్ధరింప 1998 లోఁ గార్బొనెల్, గోల్డ్‌స్టీన్ అనువారు చూపిన మార్గము ప్రసిద్ధము. పుట ప్రశ్న కెంత తగియున్నదో చూచుటతోపాటు, అంతకుముం దెన్నుకొనిన పుటలతో నెంత పోలికయున్నదో చూచి, పోలిక హెచ్చిన కొలఁది దాని విలువను దగ్గింపవలయునని వారి మతము. ఆలంకారికుల మాటలలో నిది పునరుక్తిదోషపరిహారము. అయితే పునరుక్తిని మానినంతమాత్రమున నర్థభేదము సిద్ధింపదు. ఒకే చిత్రమునుగూర్చి యొకటి నటీనటులను, ఒకటి పాటలను, ఒకటి యాదాయమును దెలుపు మూఁడుపుటలు పరస్పరము భిన్నములే. మూఁడును జిత్రమునకే చెందును. భేద మున్నదా యని యడుగుటయు, ఏ విషయమున భేద మున్నదని యడుగుటయు నొకటి కాదు.

ఈ లోపమును గుర్తించి యర్థములనే లెక్కకుఁ దీసికొన్నవారు 2009 లో రాకేశ్ అగ్రవాల్, మఱి మువ్వురు పండితులు. వారి పద్ధతిని బై యూహాసంఖ్యలతోనే పరికింపవచ్చును. ప్రతిపుటయుఁ దన యర్థమును గోరినవారిలోఁ బదింటఁ దొమ్మండుగురను దృప్తిపఱచునని యెంచుఁడు. మొదట డెబ్బదిమందికొఱకుఁ జిత్రపుట యుంచఁబడును. అంతట వారిలో నింకను దీఱనివా రేడుగురే మిగులుదురు. రెండవస్థాన మిరువదిమంది గల నాటకమునకుఁ బోవును. అక్కడ నిద్దఱు మిగులుదురు. మూఁడవది పదిమంది గల యాచారమునకు. నాలుగవది మఱల నేడుగురు మిగిలిన చిత్రమునకు. ఇట్లే సాగినచోఁ బది స్థానములలోఁ జిత్రమునకు నాలుగును, నాటకమునకు మూఁడును, ఆచారమునకు మూఁడును వచ్చును. సర్వోత్తమమైన కూర్పును గనుఁగొనుట గణితశాస్త్రరీత్యా దుస్సాధ్యమే యైనను, ఇట్లొక్కొక్కటిగా నెన్నుకొనుచుఁ బోయినచో సర్వోత్తమమునందు నూటికి సుమా రఱువదిమూఁడు వంతులకుఁ దక్కువకాని ఫలము తప్పక లభించునని వారు చూపిరి.

ఈ పద్ధతియందలి చాతుర్యము మెచ్చఁదగినది. అయ్యును దీని పునాదిలో నొక యూహ యున్నది: ఒక మంచి పుట దొరకినచో నడిగినవాఁడు తృప్తుఁడగు ననుట. చిత్రము చూడఁగోరువాని విషయమున నిది సత్యము. నాటకపాఠమును బరిశోధించువాని విషయమున ససత్యము. వానికి 1897 నాఁటి పాఠమును గావలయును, 1909 నాఁటి పాఠమును గావలయును. రెంటి భేదములను జర్చించిన వ్యాసములును గావలయును. వానికి దొరకిన మూఁడు స్థానములలో మూఁడును ద్వితీయముద్రణమును గూర్చినవే యైనచో వాని యాఁకలి తీఱలేదు. వెల్చ్, చో, ఓల్‌స్టన్ అనువారు 2011 లో నీ యాక్షేపమునే చేసి, ఒక్క పుటతోఁ దృప్తిపడనివారి కెన్ని పుటలు గావలయునో దానినిఁ గూడ లెక్కింపవలయునని వాదించిరి. మఱునాఁటి సంవత్సరమున, అనఁగా 2012 లో, డాంగ్, క్రాఫ్ట్ అనువారు శాసనసభలలోఁ బక్షములకు స్థానములు పంచు గణితమును దెచ్చి ఫలములకు వర్తింపఁజేసిరి. ఆ లెక్కచొప్పునఁ బై యుదాహరణమునఁ జిత్రమున కేడును, నాటకమునకు రెండును, ఆచారమున కొకటియు వచ్చును. పంపకమున కిది న్యాయము. కాని నాటకముయొక్క రెండు ముఖములకుఁ జెఱియొకటి మాత్రమే మిగిలినది. చర్చావ్యాసములకుఁ జోటు లేదు.

ఇక్కడ నొక భ్రమను దొలఁగింపవలసియున్నది. అనేకార్థములను గలిపి చూపు ఫలపట్టికను శ్లేషతోఁ బోల్చుట కొందఱకుఁ దోఁపవచ్చును. పింగళి సూరనార్యుని రాఘవపాండవీయమున రామకథయు, భారతకథయు నొకే పద్యమున నడచుచుండును. అక్కడ రెండర్థములును గవికి వివక్షితములు, చదువరికి రెండును బ్రాప్తవ్యములు. శోధించువాని మాట యట్టిది కాదు. వాని మనస్సున నొక్క యర్థమే యున్నది. రెండవది యంత్రముయొక్క సందేహమేగాని వాని వివక్ష కాదు. కావున వైవిధ్య మొక్కవ్యక్తి కుపకారము కాదు, ఒక విధముగా వానికి నపకారమే. తనకు వలయు పదింటిలో నాఱేడింటిని బరుల కిచ్చివేయుచున్నాఁడు. అది యడుగువా రందఱ సమూహమున కుపకారము. సత్రమున వంట చేయువాఁ డొక్కరి రుచినిఁ బాటింపఁ డనుట యెట్లో యిదియు నట్లే. వైవిధ్యమును ‘శోధకుని సౌఖ్యము’ అని ప్రశంసించువా రీ వివేకమును బాటించుట యరుదు.

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న మఱొకటి యున్నది. అర్థములు మూఁడనియు, వాని బలాబలము లింతింత యనియు యంత్రమున కెవరు చెప్పిరి? ఈ శాస్త్రమున వైవిధ్యమునకుఁ బ్రసిద్ధమైన పరీక్ష యమెరికాలోని ప్రమాణసంస్థ 1992 నుండి నడపుచున్న ట్రెక్ అను పరీక్షాసభయందు 2009 మొదలు 2012 వఱకు జరిగినది. ఏఁట నేఁబది చొప్పునఁ బ్రశ్న లీయఁబడినవి. సందిగ్ధములు, బహుముఖములు అని యవి రెండు తెగలుగా విభజింపఁబడుటయుఁ బ్రశంసనీయమే. కాని యొక్కొక్క ప్రశ్నకుఁ గల యర్థముల పట్టిక యొక వ్యాపారశోధనయంత్రమున జనులు వ్రాసిన ప్రశ్నల నమోదులనుండి తీసిన గుంపుల నాధారము చేసికొని కూర్పఁబడినది. దీని ఫలిత మేమనఁగా, పెక్కుఱు కోరిన యర్థము ‘అర్థ’ మనిపించుకొన్నది. ఎవరును గోరని యర్థము, కోరియు దొరకక విడిచిపెట్టిన యర్థము, పట్టికలోనే చేరలేదు. పట్టికలోఁ జేరనిదానిని జూపిన యంత్రమునకు మార్కులు లేవు. మార్కులు లేనిదానిని యంత్రము చూపదు. చూపనిదాని నడుగుట జనులు మానుదురు. ఈ చక్రక మెక్కడఁ దెగును?

నిఘంటుకారుల మార్గ మిందులకుఁ బూర్తిగా విరుద్ధము. వారికిఁ బ్రయోగమే ప్రమాణము. అడుగువారి సంఖ్య ప్రమాణము కాదు. అమరసింహుఁడు తృతీయకాండమున నానార్థవర్గమును గూర్చి, పదములను వాని యంత్యహల్లు ననుసరించి యమర్చి, ‘హరి’ శబ్దమునకు యముఁడు, వాయువు, ఇంద్రుఁడు, చంద్రుఁడు, సూర్యుఁడు, విష్ణువు, సింహము, కిరణము, గుఱ్ఱము, చిలుక, పాము, కోఁతి, కప్ప మొదలగు నర్థములను జెప్పెను. విష్ణువునకును, కప్పకును సమానముగా నొక్కొక్కటే స్థానము. ‘హరి’ యని యడిగినవానికి యంత్రము కప్పను జూపవలయునా యని యెవరైన నాక్షేపింతు రేని యా యాక్షేపము న్యాయమే. అమరమునకు వచ్చు చదువరి యొక శ్లోకమును జేతఁ బట్టుకొని వచ్చును. ప్రకరణము వానియొద్ద నున్నది, కావున నర్థములన్నియుఁ జెప్పినను దనకుఁ దగినదానిని వాఁడే యేఱుకొనును. యంత్రమునొద్దకు వచ్చువాఁడు ప్రకరణమును వెంటఁ దేఁడు. అయినను, అరుదైన యర్థమును మొదటిపుటలోఁ జూపకుండుట వేఱు, అట్టి యర్థ మున్నదనియే యెఱుఁగకుండుట వేఱు. ‘హరి’ తోఁ బాటు ‘పద్యము’ అనియో, ‘ప్రతిపదార్థము’ అనియో మఱొక మాట చేరినప్పుడు కప్పయుఁ జిలుకయు వెలికి రావలయును. ఎఱుఁగనిది వెలికి రాదు.

ట్రెక్ పరీక్షలకుఁ బునాదియైన పుటల రాశి 2009 జనవరి, ఫిబ్రవరి మాసములలో సేకరింపఁబడినది. అందు నూఱుకోట్లకు మించిన పుటలును, పది భాషలును గలవు. ఆ పదింటఁ దెలుఁగు లేదు, భారతీయభాష యొక్కటియు లేదు. పరీక్ష నడచిన దందలి యాంగ్లభాగముపై. అందుచేఁ దెలుఁగునకు సహజమైన సందిగ్ధత యెట్టిదో యా పరీక్షలు పట్టించుకొనుట కవకాశమే లేకపోయినది.

తెలుఁగున సందిగ్ధత యర్థమున మాత్రమే కాదు, అంతకుముందు వ్రాఁతలోనే పుట్టుచున్నది. ‘తరుఁగు’ అనఁగాఁ దగ్గుట. ‘తఱుఁగు’ అనఁగా ముక్కలుగాఁ గోయుట. పూర్వలేఖనమున నివి రెండు వేర్వేఱు శబ్దములు. బండిఱ వాడుకనుండి జాఱిపోఁగా నేఁడు రెండును ‘తరుగు’ అనియే వ్రాయఁబడుచున్నవి. ఒక రైతు ధాన్యపుఁ దూకమున బస్తాకుఁ గోసివేయు తరుగును గూర్చి తెలిసికొనఁగోరి యా మూఁడక్షరములను వ్రాసినచోఁ బులుసుకూరలోనికి వేయవలసిన యుల్లితరుగు వానికి వడ్డింపఁబడవచ్చును. ఒకని జీవనము వేఱొకని వంటకముక్రిందఁ బడిపోవును. ఇట్లే ‘కరి’ యేనుఁగు, ‘కఱి’ నలుపు. ‘నాడు’ దేశము, ‘నాఁడు’ దినము. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరము. ‘అరుఁగు’ పోవుట, ‘అఱుఁగు’ జీర్ణమగుట. అరసున్న, బండిఱలు నిష్ప్రయోజనము లని త్రోసివేసినవారి వాదమున బలము లేకపోలేదు. ఉచ్చారణమున భేదము నశించినపిదప వ్రాఁతలో నిలుపుట విద్యార్థికి భారమే. కాని ప్రకరణము నెఱుఁగని చదువరి యొకఁడు పుట్టఁబోవు ననియు, వానికీ యక్షరములే ప్రకరణస్థానమునఁ బనికివచ్చు ననియు నప్పు డెవ్వరును దలఁపలేదు. యూనికోడ్ అక్షరసంకేతములలోఁ దెలుఁగునకుఁ గేటాయించిన భాగమున బండిఱకును, అరసున్నకును స్థానములు గలవు. యంత్రము వానిని గ్రహింపఁజాలదని చెప్ప వీలులేదు. పుటలను వ్రాయువారు వానిని వాడరు. రోమను లిపిలోఁ దెలుఁగును వ్రాయువారి విషయ మింకను జటిలము: అందు ‘మాట’, ‘మాత’, ‘మత’ అను మూఁడు నొకే రూపము దాల్చుటచే యంత్రము మొదట శబ్దమును నిర్ణయించి, పిదప నర్థమునకుఁ బోవలసియున్నది.

ప్రకరణము లేనిచో నూహకు సాధనము లేమి? భర్తృహరి వాక్యపదీయము ద్వితీయకాండమున నర్థనిర్ణాయకములను బరిగణించెను. మమ్మటుఁడు కావ్యప్రకాశమున వానిని గైకొనెను. సంయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, అన్యశబ్దసన్నిధి, ఔచిత్యము, దేశము, కాలము మొదలగున వందున్నవి. శంఖచక్రములతోఁ గూడిన హరి విష్ణువు. లక్ష్మణునితోడి రాముఁడు దాశరథి, కార్తవీర్యార్జునునితోడి రాముఁడు భార్గవుఁడు. (ఆ పట్టికలోనే సందిగ్ధశబ్దములు రెండు గలవనుట వినోదకరము. అక్కడ ‘లింగము’ అనఁగాఁ జిహ్నము, పుంస్త్వాదులు కాదు. ‘వ్యక్తి’ యనఁగాఁ బుంస్త్వాదులు, మనుష్యుఁడు కాదు. విద్యార్థులు దీనిఁ దాఱుమాఱు చేయుట సర్వసాధారణము.) నేఁటి యంత్రము లీ మార్గముననే నడచుచున్నవి. అడిగినవాఁ డున్న చోటు దేశము, పండుగదినములు, ఎన్నికలదినములు కాలము, ప్రక్కమాట యన్యశబ్దసన్నిధి, అంతకుముం దడిగిన ప్రశ్నలు ప్రకరణము. పదునాలుగైదువందల యేండ్లక్రిందటి పట్టిక యిట్లు మఱలఁ బ్రయోజనపడుట వింతయే. కాని భర్తృహరి చెప్పిన ప్రకరణము వాక్యముయొక్క ప్రకరణము, వక్తయొక్క చరిత్ర కాదు. నిన్నటివఱకు వంటలనుగూర్చి యడిగిన యింటనుండి నేఁ డొక రైతు తరుగును గూర్చి యడిగినచోఁ బూర్వచరిత్ర వానిని మోసపుచ్చును. ఒకే యింట నొకే యంత్రమును బలువురు వాడు దేశమున నీ ప్రమాదము చిన్నది కాదు.

తెలుఁగు వికీపీడియావా రొక వేఱుమార్గము నవలంబించిరి. ఒక పేరునకుఁ బలు వ్యాసము లున్నచోఁ దాము నిర్ణయింపక, ‘అయోమయనివృత్తి’ యను పుటను వ్రాసి, అర్థములను వరుసగాఁ బేర్కొని, చదువరినే యెన్నుకొమ్మందురు. సంస్కృతమున ‘అయోమయము’ ఇనుముతోఁ జేసినది, తెలుఁగున దిక్కుతోఁచమి. ఆ పేరే నానార్థము! పేరెట్లున్నను పద్ధతి నానార్థవర్గమునకు దగ్గఱిచుట్టము. ఇందు సంఖ్యాబలమునకుఁ జోటు లేదు. వ్యాస మున్నచోఁ బంక్తి యున్నది.

2022 సంవత్సరాంతమునుండి పట్టికకు మాఱుగా వాక్యరూపమున నొకే సమాధానము చెప్పు యంత్రములు వ్యాపించినవి. ఇందుచే నీ విచారమున కపాయము పెరిగినదేగాని తగ్గలేదు. పది స్థానములున్న పట్టికలో నాలుగవదియో, యేడవదియో యైన నల్పసంఖ్యాకులకు దక్కుచుండెను. ఒకే సమాధానమున రెండవస్థానమే లేదు. ఉప్పో, గుఱ్ఱమో యొకటి నిశ్చయముగాఁ దెచ్చి, రెండవ దొకటి గలదని చెప్పకుండు సేవకుఁ డితఁడు. తెచ్చినది తప్పైనను దెచ్చినతీరు ధీరముగా నుండుటచే బాలుఁడు దానినే నమ్మును. ‘కన్యాశుల్కము’ ను గూర్చి వ్యాసము వ్రాయఁబూనిన పాఠశాలావిద్యార్థికిఁ బ్రథమముద్రణమను మాటయే చెవిఁబడకపోవచ్చును. ఎదిరి యడుగుట, అనఁగా ‘ఉప్పా, గుఱ్ఱమా?’ అని విచారించుట, మేలని 2019 లో నలియన్నెజాది ప్రభృతులు ప్రతిపాదించి, ట్రెక్ వారి యా 2009–2012 నాఁటి ప్రశ్నలనే తీసికొని, వానికిఁ దగిన యెదురుప్రశ్నలను సమకూర్చి పరీక్షించిరి. మార్గము యుక్తమే. అయితే యెదురుప్రశ్న వేయుటకైనను సైంధవమునకు గుఱ్ఱమను నర్థ మున్నదని ముందు తెలిసియుండవలయును. ఆ తెలివి మఱల నా నమోదులనుండియే వచ్చినచోఁ జక్రకము మొదటి చోటికే చేరును. తెలుఁగు నిఘంటువులలోఁ దరుఁగు, తఱుఁగు లిప్పటికిని వేర్వేఱు పదములుగాఁ దమతమ స్థానములలోనే యున్నవి. యంత్రమునకు వానిని జూపినవారు లేరు.